జెడ్/వీఎంలో పేజింగ్ కష్టాలు: ఎక్కడ చూడాలి, దేన్ని ముందు ముట్టుకోవాలి

మెయిన్‌ఫ్రేమ్ మీద జెడ్/వీఎం (ఒకే యంత్రాన్ని అనేక ఊహా యంత్రాలుగా పంచే సాఫ్ట్‌వేర్) నడుపుతూ, అందులో ఇరవయ్యో ముప్పయ్యో లైనక్స్ గెస్టులను, అంటే అలాంటి ఊహా యంత్రాలను, పెట్టుకున్న చోట ఒక ఫిర్యాదు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది: "పొద్దున తొమ్మిదికి అప్లికేషన్ ఈడ్చుకుంటూ నడుస్తుంది, పదిన్నరకు దానంతట అదే బాగుపడుతుంది." తెర మీద చూస్తే పేజింగ్ గీత, అంటే మెమొరీకీ డిస్కుకూ మధ్య రాకపోకల గీత, నిటారుగా లేచి ఉంటుంది. వెంటనే ఎవరో ఒకరు "మెమొరీ చాలడం లేదు, కొనాలి" అని తేల్చేస్తారు. ఇంత తొందర తీర్పును నేను ఒప్పుకోను. కొనవలసిన సందర్భాలు నిజంగానే ఉంటాయి. అయితే అక్కడికి చేరే ముందు చూడవలసినవి చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగానికి ఒక్క రూపాయి ఖర్చు ఉండదు.

పాత ఇళ్లలో అటక ఉండేది. పండుగకో పెళ్లికో తప్ప అవసరం రాని గంగాళాలు, పెద్ద గిన్నెలు అక్కడికి చేరేవి. రోజూ వాడే తపేలా పొయ్యి పక్కనే ఉండేది. అటక మీద ఎంత సామాను ఉందన్నది ఎవరికీ పట్టేది కాదు. పప్పు వండే తపేలా కోసం పూటపూటా నిచ్చెన ఎక్కవలసి వస్తే అది సమస్య. అటక మీద ఇక చోటే లేకపోతే అది మరో సమస్య. ఈ రెండింటికీ మందులు వేరు.

జెడ్/వీఎం గుండెకాయ అయిన కంట్రోల్ ప్రోగ్రామ్, అంటే సీపీ, చేసేది ఇదే పని. గెస్టులు కొంతకాలంగా తాకని 4 కేబీ పేజీలను (మెమొరీ ముక్కలను) పేజ్ వాల్యూములకు, అంటే ఇందుకోసం కేటాయించిన డిస్కులకు, చేరుస్తుంది, గెస్టు మళ్లీ అడిగినప్పుడు తెచ్చి ఇస్తుంది. 1972లో వచ్చిన వీఎం/370 కాలం నుంచీ ఉన్న పద్ధతి ఇది. ఉన్న మెమొరీ కంటే ఎక్కువ మెమొరీని గెస్టులకు పంచగలగడానికే పేజింగ్‌ను పెట్టారు. కాబట్టి పేజింగ్ జరగడాన్ని తప్పుగా చూడనక్కర లేదు. పేజీ వచ్చేదాకా పని చేయవలసిన గెస్టు చేతులు ముడుచుకుని కూర్చుంటే, తప్పు అక్కడ ఉంది. కింది మెట్లన్నీ ఆ నిరీక్షణను పట్టుకోవడానికే.

మొదటి మెట్టు: చోటు నిండిందా, దారి ఇరుకైందా

మెయింట్ లాంటి అధికారం ఉన్న ఐడీ నుంచి "క్వెరీ అలాక్ పేజ్" ఇవ్వండి. ఒక్కో పేజ్ వాల్యూముకు ఒక్కో వరుస వస్తుంది. అందులో మొత్తం పేజీలు, వాడుకలో ఉన్న పేజీలు, వాడుక శాతం ఉంటాయి. చివరి వరుసలో మొత్తం లెక్క ఉంటుంది. ముందు ఆ చివరి శాతం చూడండి, తర్వాత వాల్యూముల మధ్య శాతాలు దగ్గరదగ్గరగా ఉన్నాయా అని చూడండి. ఒకటి ఎనభై, మరొకటి పది చూపిస్తుంటే ఆ రెండోది ఈ మధ్యే చేరిందేమో, లేదా వాల్యూముల సైజుల్లో తేడా ఉందేమో కనుక్కోవాలి.

మొత్తం వాడుక 50% లోపు ఉండాలన్నది ఈ రంగంలో తరతరాలుగా పాటిస్తున్న లెక్క. సీపీ పేజీలను ఒక్కొక్కటిగా రాయదు, గుంపులుగా రాస్తుంది. గుంపు రాయడానికి పక్కపక్కనే ఖాళీలు కావాలి. డిస్కు నిండుతున్న కొద్దీ ఖాళీలు చెల్లాచెదురై, ఒక్క రాతకు బదులు పది రాతలు పడతాయి. సగం ఖాళీగా ఉంచడాన్ని దుబారాగా లెక్కపెట్టకండి. నిచ్చెన నిలబడేందుకు ఉంచిన చోటు అది.

ఇక్కడ చాలామందిని బెదరగొట్టే విషయం ఒకటి ఉంది. 2013లో వచ్చిన 6.3 వెర్షన్‌తో సీపీ మెమొరీ నిర్వహణ పూర్తిగా మారింది. పేజీలను అవసరం రాకముందే డిస్కు మీదికి రాసి పెట్టుకోవడం, పేజీ తిరిగి మెమొరీలోకి వచ్చాక కూడా డిస్కు మీది దాని చోటును వదలకుండా అట్టే ఉంచడం అప్పుడు మొదలయ్యాయి. పేజీలో మార్పు జరగకపోతే రెండోసారి రాయవలసిన పని తప్పుతుంది, లాభం అదే. దీనివల్ల పేజ్ స్థలం వాడుక రోజురోజుకూ పెరుగుతూ పోయి, తగ్గకుండా నిలిచిపోయినట్టు కనిపిస్తుంది. పాత వెర్షన్ల అలవాటుతో చూసేవారికి ఇది లీకులా తోస్తుంది. "క్వెరీ ఏజ్‌లిస్ట్" ఇస్తే ఈ రెండు అమరికలూ ఎలా ఉన్నాయో తెలుస్తుంది. వాడుక పెరిగి ఒకచోట ఆగితే భయం లేదు. ఆగకుండా ఎక్కుతూ పోతుంటే మాత్రం వెంటనే పని మొదలుపెట్టాలి.

శాతం 90 దాటి ఇంకా ఎక్కుతుంటే మిగతా పరిశోధన పక్కన పెట్టండి. పేజ్ స్థలం పూర్తిగా నిండితే సీపీ స్పూల్ స్థలంలోకి (ప్రింటు ఫైళ్ల వంటివి నిలిపే డిస్కు చోటులోకి) చొరబడి పేజీలు రాయడం మొదలుపెడుతుంది. అదీ నిండితే పీజీటీ004 అనే అబెండ్‌తో (అర్ధాంతరపు ఆగిపోవడంతో) జెడ్/వీఎం మొత్తం కూలిపోతుంది, దానితోపాటే అన్ని గెస్టులూ పోతాయి. అప్పుడు చేయవలసింది ఈ వరుసలో: అవసరం లేని టెస్టు గెస్టులను "సిగ్నల్ షట్‌డౌన్" ఆదేశంతో మర్యాదగా ఆపండి. గెస్టు లాగాఫ్ కాగానే దాని పేజీల చోటంతా ఒక్కసారిగా తిరిగి వస్తుంది. "ఫోర్స్"ను చివరి అస్త్రంగానే ఉంచండి, నడుస్తున్న లైనక్సును అలా తెంపితే ఫైల్ సిస్టమ్ దెబ్బతినవచ్చు. ఈలోగా మరొకరు సిద్ధంగా ఉన్న వాల్యూమును పేజ్‌కు చేర్చే పని మొదలుపెట్టాలి. ఫార్మాట్ చేసి లేబుల్ వేసిన ఖాళీ వాల్యూములను రెండింటిని ఎప్పుడూ పక్కన ఉంచుకోమని నేను పట్టుబట్టేది ఇందుకే. ఆ క్షణంలో ఫార్మాట్‌కు పట్టే నిమిషాలు చాలా ఖరీదైనవి.

రెండో మెట్టు: ఎవరు ఆగుతున్నారు

చోటు సరిపోతోందని తేలితే అసలు వెతుకులాట ఇక్కడ మొదలవుతుంది. దీనికి ఓపిక కావాలి, ఫలితం కూడా దీనిలోనే ఎక్కువ.

"ఇండికేట్ లోడ్" మొత్తం వ్యవస్థ సెకనుకు ఎన్ని పేజీలు కదుపుతోందో చెబుతుంది. ఆ సంఖ్యను గుర్తుపెట్టుకోండి, దాని మీద తీర్పు మాత్రం చెప్పకండి. సెకనుకు వేల పేజీలు కదులుతున్నా హాయిగా నడిచే వ్యవస్థలు ఉంటాయి, వందలకే మూలిగేవీ ఉంటాయి. అదే తెరలో ఈ1, ఈ2, ఈ3 అన్న అంకెలు చూడండి. పాత వెర్షన్లలో సీపీ వనరులు చాలవనుకున్నప్పుడు గెస్టులను ఈ జాబితాల్లో నిలబెడుతుంది. అవి సున్నా కాకపోతే మీ గెస్టు పరుగు పందెంలోకే దిగలేదన్నమాట. లైనక్స్ గెస్టులు రోజంతా మెలకువగా ఉంటాయి గనుక వాటిని ఇలా ఆపడం బొత్తిగా నప్పదు. "సెట్ ఎస్‌ఆర్‌ఎం స్టోర్‌బఫ్ 300 250 200" అని సడలించడం అలాంటి చోట్ల వాడుక.

తర్వాత "ఇండికేట్ పేజింగ్". ఇది ఆ క్షణాన పేజీ కోసం ఆగిన గెస్టుల పేర్లు ఇస్తుంది. ఒక్కసారి ఇచ్చి వదిలేస్తే ప్రయోజనం లేదు. ఇబ్బంది నడుస్తున్న సమయంలో పది పదిహేను సెకన్లకొకసారి ఇరవై సార్లు ఇచ్చి, ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టుకోండి. ఒకే పేరు పదిహేనుసార్లు వస్తే దోషి దొరికినట్టు కనిపిస్తుంది. కానీ ఆగండి, ఆ పేరు బాధితుడిది కూడా కావచ్చు. పక్కింటివాడు పొయ్యి పక్కన చోటంతా ఆక్రమిస్తే మన తపేలా అటక ఎక్కుతుంది కదా.

ఆ తేడా తేల్చడానికి "ఇండికేట్ యూజర్" ఆదేశాన్ని గెస్టు పేరుతో, విస్తృత రూపం అడుగుతూ ఇవ్వండి. అందులో ఆ గెస్టుకు మెమొరీలో ఉన్న పేజీలు, పేజ్ రీడ్లు, పేజ్ రైట్లు కనిపిస్తాయి. రీడ్లు, రైట్ల లెక్క గెస్టు లాగాన్ అయినప్పటి నుంచి పోగైనది. మూడు నెలలుగా నడుస్తున్న గెస్టుకు కోట్లలో కనిపించినా దానికి అర్థం లేదు. ఐదు నిమిషాల తేడాతో రెండుసార్లు తీసుకుని, రెండింటి మధ్య తేడా చూడాలి. రీడ్లు బాగా పెరిగి, మెమొరీలోని పేజీలు తక్కువగానే ఉంటే అది బాధితుడు. మెమొరీలోని పేజీలు గబగబా పెరుగుతుంటే, ఆక్రమించేది అదే.

జెడ్/వీఎం పనితీరును కొలిచే పెర్ఫార్మెన్స్ టూల్‌కిట్ ఉన్నవారికి పని సులువు. ఎఫ్‌సీఎక్స్114 నివేదికలో ఒక్కో గెస్టు ఎంత శాతం సమయం పేజీ కోసం ఆగిందో నేరుగా వస్తుంది. ఎఫ్‌సీఎక్స్113లో ఒక్కో గెస్టు పేజింగ్ రేటు, మెమొరీలో దాని వాటా ఉంటాయి. నేను ముందు తెరిచేది 114నే. పేజీ నిరీక్షణ శాతం దాదాపు సున్నాగా ఉండి, ప్రాసెసర్ కోసం ఆగిన శాతం ఎక్కువగా ఉంటే, ఆ నెమ్మదికి పేజింగ్‌తో సంబంధం లేదు. ఆ పూటకు ఈ వ్యాసం పక్కన పెట్టి ప్రాసెసర్ వాటాలు చూసుకోండి.

సమయం కూడా సాక్ష్యమే. ప్రతిరోజూ ఒకే గంటకు పేజింగ్ ఎగిసిపడితే, గెస్టుల్లోని క్రాన్ పట్టికలు (వేళకు నడిచే పనుల జాబితాలు) తెరవండి. అన్ని గెస్టులనూ ఒకే మూస నుంచి తీస్తారు కాబట్టి వైరస్ స్కానూ, ఫైళ్ల సూచిక తయారీ, లాగ్ మార్పిడీ అన్నింటిలో ఒకే నిమిషానికి లేస్తాయి. నిద్రపోతున్న ముప్పై గెస్టులు ఒక్కసారిగా లేచి అటక మీది సామానంతా కిందికి దించమంటే ఏ యంత్రమూ తట్టుకోలేదు. ఆ పనులను గెస్టుకు ఐదు నిమిషాల తేడాతో జరిపితే గీత నేలకు దిగివస్తుంది. నాకు తెలిసినంతలో ఇంత తక్కువ శ్రమతో ఇంత ఫలితం ఇచ్చే మార్పు మరొకటి లేదు.

మూడో మెట్టు: డిస్కు దారి

గెస్టులు ఆగుతున్నాయి, కానీ పేజింగ్ రేటు పెద్దగా లేదు. అలాంటప్పుడు ఒక్కో పేజీ రావడానికే ఎక్కువ సమయం పడుతున్నట్టు లెక్క. ఎఫ్‌సీఎక్స్109 నివేదికలో సీపీ సొంత వాల్యూముల సేవా సమయం, వరుసలో నిలిచిన అభ్యర్థనలు కనిపిస్తాయి.

మొదట అడగవలసిన ప్రశ్న: పేజ్ వాల్యూము మీద పేజ్ తప్ప మరేదైనా ఉందా? స్పూల్ గానీ, గెస్టుల మినీడిస్కులు (గెస్టులకు ఇచ్చిన డిస్కు ముక్కలు) గానీ అదే వాల్యూము మీద ఉంటే వాటిని విడదీయడమే మొదటి వైద్యం. రెండో ప్రశ్న: ఎన్ని వాల్యూములు ఉన్నాయి? ఎలియాస్ (అదే వాల్యూముకు అదనపు ఐ/ఓ దారి) సౌకర్యం లేని ఈసీకేడీ రకం మెయిన్‌ఫ్రేమ్ వాల్యూము ఒక సమయంలో ఒక్క ఐ/ఓ మాత్రమే నడుపుతుంది. అందుకే ఒక పెద్ద వాల్యూము కంటే అంతే చోటున్న ఎనిమిది చిన్న వాల్యూములు మేలు. అన్నీ ఒకే రకం, ఒకే సైజు ఉండాలి.

6.4 వెర్షన్ నుంచి పేజింగ్‌కు హైపర్‌పావ్ ఎలియాసులను వాడుకునే వీలు వచ్చింది. "క్వెరీ పేజింగ్"తో స్థితి చూసి, "సెట్ పేజింగ్ ఎలియాస్ ఆన్" ఇవ్వవచ్చు. నిల్వ యంత్రంలో ఎలియాసులు నిర్వచించి ఉండాలి, అవి సిస్టమ్‌కు జతచేసి ఉండాలి. ఈ రెండోది మరిచిపోయి, ఆదేశం ఇచ్చినా మార్పు లేదని వాపోయేవారు చాలామంది. వాల్యూములన్నీ నిల్వ యంత్రంలో ఒకే మూలకు చేరి ఉంటే కూడా సంఖ్య పెరిగిన ఫలితం రాదు. స్టోరేజ్ బృందంతో కూర్చుని ఆ పటం చూడవలసిందే.

నాలుగో మెట్టు: గెస్టుల కొలత

సర్వర్ల ప్రపంచం నుంచి వచ్చినవారు గెస్టుకు 16 జీబీ అడుగుతారు, "ఎందుకైనా మంచిది" అంటారు. విడి సర్వర్ మీద మిగిలిన మెమొరీ ఎవరికీ చేటు చేయదు. జెడ్/వీఎం మీద చేస్తుంది. లైనక్స్ తనకు ఇచ్చిన మెమొరీని ఖాళీగా ఉంచదు, మిగిలినదంతా ఫైళ్ల క్యాష్‌తో నింపుకుంటుంది. ఆ పేజీలన్నీ సీపీ దృష్టిలో వాడుకలో ఉన్నవే. ఎప్పుడో చదివిన ఫైలు ముక్కను సీపీ శ్రమపడి పేజ్ డిస్కుకు రాస్తుంది. ఆ ఫైలు అసలు ప్రతి మరో డిస్కు మీద ఎలాగూ ఉంది! లైనక్స్ లోపల ఖాళీ అని చూపే పేజీ కూడా, ఒకసారి తాకినదైతే, సీపీకి ఖాళీ కాదు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

అందుకే గెస్టును ఇరుకు చేస్తూ రావాలి. "ఫ్రీ", "వీఎంస్టాట్" ఆదేశాలతో రద్దీ సమయంలో నిజంగా ఎంత కావాలో చూడండి. ఆ తర్వాత డైరెక్టరీలో (గెస్టుల నిర్వచనాలు ఉండే జెడ్/వీఎం ఫైలులో) మెమొరీని మెల్లమెల్లగా తగ్గించండి, లైనక్స్ స్వాప్‌ను, అంటే తన సొంత పేజింగ్ చోటును, అప్పుడప్పుడూ కాస్త తాకే దాకా. ఆ కాస్త స్వాప్ కోసం వీడిస్క్ ఇవ్వండి. అది మెమొరీలోనే ఉండే ఊహా డిస్కు, తాకనంత వరకూ దాదాపు ఏమీ తినదు. డైరెక్టరీలో మార్చిన మెమొరీ గెస్టు లాగాఫ్ అయి మళ్లీ లాగాన్ అయితేనే అమలవుతుంది. లైనక్స్ లోపల రీబూట్ చేస్తే చాలదు.

జావా గెస్టుల విషయంలో ఒక హెచ్చరిక. చెత్త ఏరే పని నడిచినప్పుడు జావా తన హీప్ (డేటా ఉంచుకునే మెమొరీ) మొత్తాన్నీ తాకుతుంది. 8 జీబీ హీప్ ఇచ్చి 3 జీబీ వాడే అప్లికేషన్, ఆ పని నడిచిన ప్రతిసారీ అటక మీదున్న పేజీలను కిందికి లాగగలదు. గెస్టు సైజు తగ్గించే ముందు హీప్ తగ్గించండి, లేకపోతే ఇబ్బంది సీపీ పేజింగ్ నుంచి లైనక్స్ స్వాప్‌లోకి మారుతుంది తప్ప తీరదు.

నిద్రలో ఉన్నట్టు కనిపించే గెస్టులనూ నమ్మవద్దు. పర్యవేక్షణ ఏజెంట్లు కొన్ని సెకన్లకొకసారి గెస్టును తట్టి లేపుతుంటే, ఎవరూ వాడని గెస్టు కూడా తన పేజీలను వేడిగా ఉంచుకుంటుంది. ఒకే గెస్టులో మూడు రకాల ఏజెంట్లు ఉన్నాయని తెలిస్తే రెండింటిని తీసేయమని అడగడానికి మొహమాటపడకండి.

సీపీ వైపు మీటలు రెండే చెబుతాను. మినీడిస్క్ క్యాష్ అదుపు లేకుండా మెమొరీ తినకుండా "సెట్ ఎండీక్యాష్ స్టోరేజ్"తో పరిమితి పెట్టండి. అత్యంత కీలకమైన గెస్టుకు "సెట్ రిజర్వ్‌డ్"తో కొన్ని పేజీలు కట్టిపెట్టండి. ఒకటి రెండు గెస్టులకు మాత్రమే. పెళ్లిలో అందరికీ ముందు వరుస ఇస్తే ముందు వరుసే ఉండదు.

ఐదో మెట్టు: చోటు లెక్క, కొత్త వాల్యూము

ఇవన్నీ అయ్యాక కూడా చోటు చాలకపోతే లెక్క వేయండి. ఉదాహరణకు 64 జీబీ ఉన్న ఎల్‌పార్‌లో (మెయిన్‌ఫ్రేమ్‌ను విభజించగా వచ్చిన ఒక భాగంలో) 6 జీబీ గెస్టులు ఇరవై ఉంటే 120 జీబీ. వీడిస్కులు మొత్తం 8 జీబీ అనుకుందాం. కలిపితే 128. గెస్టు మెమొరీలో ప్రతి 1 ఎంబీకి సీపీ 8 కేబీ పట్టికను నడుపుతుంది, ఆ పట్టికలు కూడా పేజింగ్‌లోకి వెళ్తాయి. దానికోసం 1.01తో గుణిస్తే సుమారు 129.3 జీబీ. 6.3కు ముందు అసలు మెమొరీని ఇందులోంచి తీసివేసేవారు. ఇప్పుడు మెమొరీలో ఉన్న పేజీకి కూడా డిస్కు మీద చోటు నిలిచి ఉంటుంది కనుక తీసివేయకండి.

3390 డిస్కులో సిలిండరుకు 15 ట్రాకులు, ట్రాకుకు పన్నెండు 4 కేబీ పేజీలు, అంటే 180 పేజీలు. మోడల్ 9లో 10,017 సిలిండర్లు. సున్నా సిలిండర్‌ను లేబుల్, కేటాయింపు పటం కోసం వదిలితే 18,02,880 పేజీలు, దాదాపు 6.9 జీబీ. పై లెక్కకు 19 వాల్యూములు కావాలి. ఇది గెస్టులన్నీ తమ మెమొరీనంతా తాకిన రోజుకు సరిపోయే గరిష్ఠం. మామూలు రోజుల వాడుక దీనికి చాలా కింద ఉంటుంది.

వాల్యూము చేర్చే క్రమం ఇది. "సీపీఎఫ్‌ఎంటీఎక్స్‌ఏ"తో ఫార్మాట్ చేసి, లేబుల్ వేసి, సున్నా సిలిండర్ మినహా మిగతాదంతా పేజ్‌గా కేటాయించండి. ఫార్మాట్‌కు ముందు డిస్కు చిరునామాను మరొకరితో చదివించుకోండి. పాత డేటా ఉన్న డిస్కును పొరపాటున ఫార్మాట్ చేస్తే తిరిగి రాదు. తర్వాత "డిఫైన్ సీపీఓన్డ్"తో సీపీ వాల్యూముల జాబితాలోని ఖాళీ స్లాటుకు ఆ లేబుల్ ఇవ్వండి. "అటాచ్"తో డిస్కును సిస్టమ్‌కు జతచేయండి. "స్టార్ట్ డాస్డ్"తో పేజ్ కేటాయింపు మొదలుపెట్టండి. పాత వాల్యూమును తప్పించాలంటే "డ్రెయిన్" ఇవ్వండి. కొత్త పేజీలు దాని మీదికి వెళ్లవు, ఉన్నవి గెస్టులు వదిలే కొద్దీ ఖాళీ అవుతాయి, కాబట్టి అది రోజుల పని.

చివరగా ఇదే స్లాటు వరుసను సిస్టమ్ కాన్ఫిగ్ ఫైలులో రాసి, "సీపీసింటాక్స్"తో తప్పులు లేవని చూసుకోండి. ఆదేశాలతో చేర్చిన వాల్యూము తర్వాతి ఐపీఎల్ (సిస్టమ్‌ను మళ్లీ మొదలుపెట్టడం) దాకానే నిలుస్తుంది. ఫైలులో రాయకపోతే నెలల తర్వాత ఏదో ఆదివారం ఐపీఎల్ అయ్యాక అది మాయమవుతుంది, సోమవారం రద్దీలో చోటు చాలదు. ఆ ఐపీఎల్ అయిన వెంటనే, గెస్టులు లేవకముందే, మళ్లీ "క్వెరీ అలాక్ పేజ్" ఇచ్చి పంతొమ్మిది వరుసలూ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి.